కలెక్టరు చూడని సగం

మా ఊరి అమ్మవారి సాక్షిగా, వేసవిలో కాలు దిగబడేంత నెర్రెలిచ్చే మా నల్లరేగడి సాక్షిగా, ఆ రెండూ చాలవంటే విరుదునగర్‌లో నూనెలో మునిగి తేలి కరకరలాడే పరోటా సాక్షిగా చెబుతున్నాను: ఈ రాతలో ప్రతి మాటా నిజం. అబద్ధమైతే ఆ పరోటా ఈ జన్మలో మళ్ళీ నా నోటికి అందకుండా పోవాలి. నన్నెరిగినవాళ్ళు మొదటి రెండు ఒట్లకూ నవ్వుతారు. మూడోదాని దగ్గర మాత్రం కాస్త ఆలోచిస్తారు.

ఇంత గట్టిగా ఎందుకు ఒట్టేసుకోవాలంటే, నా పేరు అలాంటిది. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సూపర్వైజరుని. నా మాటల్లో నిజమెంతని అక్కడ పెట్టెలు నింపే ఆడవాళ్ళని అడిగితే, "పెట్టెకి మందంటని పుల్లలు ఎన్నుంటాయో, అన్ని" అంటారు. అంటే ఒకటి, మహా అయితే రెండు.

మా ఊరు కోవిల్‌పట్టికీ విరుదునగర్‌కీ నడుమ, బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే వస్తుంది. విరుదునగర్ జిల్లా కిందికే లెక్క. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు మాట్లాడతామే గానీ చదవడం, రాయడం మాలో ఎవరికీ రాదు, నాకు తప్ప. నేను వయసులో ఉన్నప్పుడు గుంటూరు మిర్చి యార్డులో ఆరేళ్ళు పనిచేశాను. గోతాల మీద, లారీల వెనకాల చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నా దస్తూరి ఇప్పటికీ గోతం మీద రాసినట్టే ఉంటుంది.

ఈ ఊళ్ళో ఒక నవ్వుల నాటకం ఉంది. తెల్లదొరల కాలం నాటిది. దానికి పేరు లేదు, పుస్తకం లేదు. అందరూ 'మేక ఆట' అంటారు. కథ చిన్నదే. ఒక దొర గుర్రం దిగి, టోపీ పక్కన పెట్టి నిద్రపోతాడు. మేక వచ్చి ఆ టోపీని తినేస్తుంది. దొర లేచి ఊరందరినీ నిలబెట్టి "ఈ మేక ఎవరిది?" అని అడుగుతాడు. కుమ్మరి తనది కాదంటాడు, గొర్రెల కాపరి తనది కాదంటాడు, మంత్రసాని అయితే తను మేకనే ఎప్పుడూ చూడలేదంటుంది. దొర బల్ల గుద్ది మూడోసారి "ఈ మేక ఎవరిది?" అని అరుస్తాడు.

అంతే. నాటకం అక్కడ ఆగిపోతుంది. వందేళ్ళకు పైగా అక్కడే ఆగిపోతోంది.

ఎందుకు ఆగిందో చెప్పాలి. ఒకప్పుడు అసలు కలెక్టరు దొరే పన్నుల లెక్క చూడటానికి వచ్చి, కోత కోసిన జొన్న చేలో డేరాలు వేసుకున్నాడు. దొర దిగితే పాలు, గుడ్లు, కోళ్ళు, మేకలు ఊరే ఇచ్చుకోవాలి. పొద్దున ఇచ్చుకున్నారు. మధ్యాహ్నం దొర భోంచేసి పడుకున్నాడు కదా అని, ఊరి అవతల చేరి మేక ఆట మొదలుపెట్టారు. నవ్వులు గాలివాటుకి డేరా దాకా పోయాయి. ఏమిటా సందడి అని దొర కుర్చీ మోయించుకుని, దుబాసీని వెంటేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.  ఆపితే తప్పు ఒప్పుకున్నట్టు, ఆడితే జైలుకు పోయినట్టు. ఆడారు. వేషం కట్టిన దొర అసలు దొర ఎదుట బల్ల గుద్ది "ఈ మేక ఎవరిది?" అనగానే, గుర్రం మీద ఒక బంట్రోతు ఉత్తరం పట్టుకొచ్చాడు. దొర చదివి లేచాడు. "ఇక్కడ ఆపండి. మిగతాది నేను వచ్చి చూస్తాను" అని దుబాసీ చేత చెప్పించి వెళ్ళిపోయాడు.

తిరిగి రాలేదు. కుర్చీ మాత్రం ఉండిపోయింది.

దొర ముచ్చటపడి ఆ మాట అన్నాడా, లేక నవ్వుతూనే నాటకాన్ని నిషేధించాడా అన్నది మా ఊళ్ళో ఇప్పటికీ తేలలేదు. పెద్దలు మాత్రం భయపడి అమ్మవారి ముందు ప్రమాణం చేశారు: కలెక్టరు వచ్చి ఆ కుర్చీలో కూర్చునే దాకా రెండో సగం ఆడకూడదు. అప్పటి నుంచీ ఏటా జాతర రోజున, దొర చూసిన వేళకే, నడి మధ్యాహ్నం ఎండలో మొదటి సగం ఆడతాం. కుర్చీని తుడిచి, తుండుగుడ్డ పరిచి, ముందు వరసలో ఖాళీగా ఉంచుతాం.

స్వరాజ్యం గొడవల రోజుల్లో పోలీసులు దీని మీద కన్నేశారట. దొరల టోపీని మేక తినడమేమిటని ఒక ఏడు టోపీ పెట్టుకోవద్దన్నారు. సరేనని మా వాళ్ళు వేషగాడి నెత్తిన కుండ బోర్లించారు. మేక కుండని తినలేక కాలితో తన్ని పగలగొట్టింది. జనం పొట్టలు పట్టుకుని దొర్లారు. మరుసటి ఏడు పోలీసులే వచ్చి, బాబూ, టోపీయే పెట్టుకోండి అన్నారు. ఆ తర్వాత ఏటా ఒక కానిస్టేబుల్ కూర్చుని, రాజద్రోహం ఏమైనా ఉందేమోనని రాసుకునేవాడు. పాపం అతనికి తెలుగు రాదు. చివరికి పైకి పంపే కాగితంలో "మేక గురించి. ప్రమాదం లేదు" అని రాసి పోయేవాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దొర వేషం యాభై ఏళ్ళుగా మా మేనమామది. ఆయనకి ముందు ఆయన తండ్రిది, అంతకు ముందు ఆయన తాతది. రెండో సగం తెలిసినవాడు ఊరంతటికీ ఆయన ఒక్కడే. ఎవరడిగినా గుండె మీద తట్టుకుని, "అంతా ఈడ ఉండాది" అనేవాడు. మేక ఎవరిదో చెప్పమని పెళ్ళిళ్ళలో బతిమాలారు, కల్లు పోసి బతిమాలారు. ఉహూ. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. మోకాళ్ళు లేవనీయవు. పోయేలోగా ఒక్కసారి నాటకం మొత్తం ఆడి పోవాలన్నది ఆయనకు మిగిలిన ఒకే ఒక కోరిక.

ఈ ఏడు జాతర కమిటీకి మా అక్క కొడుకు తలైవరు, అంటే పెద్ద, అయ్యాడు. ముప్పై ఏళ్ళవాడు, ఫోను చేతిలోంచి దిగదు. కమిటీ మీటింగులో లేచి, "తాతా, కోపం చేసుకోవాకు. సగం నాటకం యెవరికి కావాల? మా కాలంలో సగం సినిమా చూపిస్తే కుర్చీలు ఇరగ్గొడతారు. వచ్చే ఏడు నించి మధురై నించి ఆర్కెస్ట్రా పిలస్తాం" అన్నాడు.

మామ కర్ర ఊతం పట్టుకుని లేచాడు. నేనుండబట్టలేక, "ఒరే, ఈ ఏడు కలెక్టర్ని నేను పిలుచుకొస్తా. మొత్తం ఆడతాం. అప్పుడేమంటావు?" అన్నాను.

"నువ్వా మామా?" అని నవ్వాడు వాడు. "పోయిన ఏడు మంత్రిని పిలుచుకొస్తానని సెల్లు టవరోణ్ణి పిలుచుకొస్తివి."

"ఆ టవరు లేకపోతే నువ్విప్పుడు ఆ ఫోను గీకగలవా?"

"సరి, సరి. పిలుచుకురా. కలెక్టరు కుర్చీలో కూచుంటే మేక ఆట యేటేటా ఉండాది. కూచోకపోతే ఇదే కడాపట, మళ్ళీ లేదు."

సోమవారం విరుదునగర్ కలెక్టరాఫీసుకి పోయాను. జనం అర్జీలు పట్టుకుని నిలబడే చోట నేనూ నిలబడ్డాను. నాటకం అని రాస్తే ఎవరూ పట్టించుకోరని నాకు తెలుసు. అందుకని కాస్త కారం దట్టించాను. "మా ఊళ్ళో ఒక మేక కేసు వందేళ్ళకు పైగా తేలకుండా ఉంది. అప్పటి కలెక్టరు దొర విచారణ సగంలో లేచిపోయారు. ఏటా జనం ఇబ్బంది పడుతున్నారు. తమరు ఫలానా రోజు దయచేసి మిగతాది చూడాలి." ఇందులో ఒక్క అబద్ధం చూపించండి.

బల్ల వెనకాయన అర్జీ చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివాడు.

"మేక ఇప్పుడు బతికుందా?" అన్నాడు తమిళంలో.

"దాని సంతతి ఉంది సార్."

"దానికీ ఇదే సమస్యా?"

"తరతరాలుగా ఇదే సార్."

ఆయన జాలిగా తల ఆడించి ముద్ర వేశాడు. తర్వాత జరిగినదానికి తప్పు ఆయనదంటే మాత్రం చచ్చినా ఒప్పుకోను. నాటకం అన్న మాట నేను ఎక్కడా రాయలేదు, మేక అని మాత్రం మొదటి ముక్కలోనే రాశాను. పని అయిందన్న సంతోషంలో బస్టాండు పక్కన రెండు పరోటాలు లాగించి ఇంటికొచ్చి, "వస్తున్నారు" అని చాటించాను.

జాతర రోజు మధ్యాహ్నానికి ఊరంతా ముస్తాబై నిలబడింది. దండ తెచ్చాం, నాదస్వరం తెచ్చాం, ఎప్పట్లాగే కుర్చీ మీద తుండుగుడ్డ పరిచాం. మామ జొన్న ఆకుతో అల్లిన టోపీ పెట్టుకుని, మొక్కజొన్న పీచు మీసం అతికించుకుని, ఎర్ర కోటు తొడుక్కుని తెర పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. జీపు వచ్చింది. నాదస్వరం అందుకుంది. జీపులోంచి ముప్పై అయిదేళ్ళావిడ, భుజాన ఐసు పెట్టె వేసుకుని దిగి, దండ వేయించుకుని, "మేక ఎక్కడ?" అని అడిగింది.

పశువుల డాక్టరమ్మ.

నా అర్జీ అందుకున్నవాళ్ళు, తరతరాలుగా మేకలకి ఏదో అంతుబట్టని జబ్బుందని, చూసి రమ్మని ఆవిణ్ణి పంపారు. ఆవిడది తిరుచ్చులి వైపు. తెలుగు ఒక్క ముక్క రాదు. మా అక్క కొడుకు నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డాడు. "మామా, పోయిన ఏడు టవరు, ఈ ఏడు సూది!" నేను వాడి వైపు చూడలేదు. మామ వైపు చూశాను. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, అంచు ఆకుల్ని ఒకటొకటిగా పీకుతున్నాడు. నాటకంలో మేక పని కూడా ఆయనే చేసుకుంటున్నట్టుంది.

పెద్దలు గుంపుగా చేరి వాదులాడుకున్నారు. కలెక్టరు కాదు గనక చెల్లదని కొందరు, కలెక్టరు పంపిన మనిషి గనక చెల్లుతుందని కొందరు. చివరికి ఊళ్ళో అందరికంటే పెద్దదైన ఒక అవ్వ చేతికర్ర నేలకేసి కొట్టింది.

"ఒరే, నోళ్ళు ముయ్యండి. ఆ తెల్లోడికి తెలుగు వచ్చునా?"

"రాదవ్వా."

"ఈయమ్మకి?"

"రాదు."

"వాడు సర్కారు పని మీద వచ్చి, ఆట సూడనా వచ్చినాడు? సందడి విని ఇట్ల తిరిగినాడు. ఈయమ్మా అంతే గదరా! ఇంకేమి కావాల మీకు? కూచోమనండి."

 డాక్టరమ్మకి నేను తమిళంలో సంగతంతా చెప్పాను. ఆవిడ "వందేళ్ళ కేసంటే ఇదా?" అంది. "అవునమ్మా." "అయితే ముందు నేను వచ్చిన పని కానివ్వండి" అని, వేషం కట్టడానికి తెచ్చిన మేకని పట్టుకుని నోరు తెరిచి చూసి, కడుపు నొక్కి చూసి, నులిపురుగుల మందు పట్టించింది. మా నాటక చరిత్రలో వైద్య పరీక్ష అయ్యాక రంగం మీదికి వెళ్ళిన మొదటి నటి ఆ మేకే.

తర్వాత ఆవిడ తుండుగుడ్డ మీద మెల్లగా కూర్చుంది. కుర్చీ కిర్రుమంది. 

ఆట మొదలైంది. నేను దుబాసీలా పక్కన నిలబడి ఆవిడకి ఎప్పటికప్పుడు చెబుతున్నాను. మేక మందు తాగిన కోపంలో టోపీని మూడు గుటకల్లో మింగేసింది. ఆవిడ "అయ్యయ్యో, అది అరగదు!" అని సగం లేచింది. కూర్చోబెట్టాను. మామ బట్టతలతో లేచి, ఊరందరినీ వరసగా అడిగి, బల్ల గుద్ది, "ఈ మేక ఎవరిది?" అని అరిచాడు.

సరిగ్గా అప్పుడే ఆవిడ ఫోను మోగింది.

ఒట్టు. ఊరు ఊరంతా ఆవిడ చేతి వైపు చూసింది. గుర్రమెక్కిన బంట్రోతు వందేళ్ళ తర్వాత తిరిగొచ్చినట్టే ఉంది. ఆవిడ ఫోను చూసింది. మమ్మల్ని చూసింది. మామని చూసింది.  ఆవిడ ఫోను ఆపి సంచిలో వేసి, "మేక ఎవరిది?" అని నన్ను అడిగింది.

పడిన ఈలలకి మేక తాడు తెంపుకోబోయింది. మామ చేయి ఊపి, "రేయ్ అల్లుడా, మీసం ఊడిపోతుండాది, రా" అని నన్ను తెర వెనక్కి పిలిచాడు. మొక్కజొన్న పీచు చెమటకి నిలవదు. అతికించడానికి పది నిమిషాలు పట్టింది.

తర్వాత మా ఊరు మొట్టమొదటిసారి రెండో సగం చూసింది.

దొర మళ్ళీ వచ్చాడు. మేక ఎవరిదో ఒప్పుకోకపోతే నేనే తీర్పు చెబుతానన్నాడు. టోపీ తిన్న మేక ఎవరిదో, వాడు బోడి నెత్తితో మధ్యాహ్నం ఎండలో మేక చెవి పట్టుకుని నిలబడాలి. ఊరందరికీ నవ్వు వచ్చి, పోయే దాకా. అని కాగితం మీద సంతకం చేసి, ముద్ర కొట్టాడు. అంతలో దొర వంటవాడి వేషంలో ఒకడు పరుగున వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. "దొరా! పొద్దున ఊరి దగ్గర లాక్కొచ్చి, తమరి విందుకని కట్టేసిన మేక తాడు తెంపుకుని పారిపోయింది దొరా!"

ఒక క్షణం ఎవరికీ తట్టలేదు. ముందు అవ్వకి తట్టింది. "ఓరి నీ యమ్మ కడుపు చల్లగుండ, మేక దొరదే!" అని కర్ర ఎగరేసింది. ఇక నవ్వు ఆగలేదు. నేను తమిళంలో చెప్పేసరికి ఒక గుక్క ఆలస్యంగా డాక్టరమ్మ కూడా మొదలుపెట్టింది. మామ ఉత్సాహం పట్టలేక ఆవిడ వైపు తిరిగి, తమిళంలో, "చెవికి ట్యాగు కూడా వేయించలేదమ్మా, నాదే తప్పు" అన్నాడు. దొరల కాలంలో ట్యాగెక్కడిది? అవ్వ మాత్రం పక్కావిడతో, "సూస్తివా, ఆ కాలంలోనే చెవికి బిళ్ళ వేసేది ఉండాది" అంది.

ఎనభై దాటిన మామ, బట్టతలతో, ఎండలో, మేక చెవి పట్టుకుని నిలబడ్డాడు. ఊరందరికీ నవ్వు వచ్చి, పోయే దాకా నిలబడాలి కదా. నవ్వు పోలేదు. చివరికి మా అక్క కొడుకే వెళ్ళి ఆయన నెత్తిన తన తుండుగుడ్డ వేసి, నడుం పట్టుకుని దించాడు. "తాతా, ఆర్కెస్ట్రా వద్దులే" అన్నాడు.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. ఇక్కడైతే ధైర్యంగా ఒప్పుకోవచ్చు, ఎందుకంటే ఈ అక్షరాలు మా ఊళ్ళో చదివేవాడు లేడు.

మీసం ఊడలేదు. మామది సాకు, అతికించడం నా కల్పన. తెర వెనక మామ నా చొక్కా పట్టుకుని, "నాకు తెలీదురా" అన్నాడు.

"ఏమి తెలీదు మామా?"

"రెండో సగం. మా నాయన చెప్పలేదు. అడిగితే ఈడ ఉండాదని గుండె తట్టుకునేవాడు. ఆయనకీ వాళ్ళ నాయన చెప్పుండడు. ఇప్పుడు నేనేమి చేసేదిరా? నువ్వు పొద్దున లేచినకాడి నించి అబద్ధాలు పుట్టిస్తావే, ఒక్కటి పుట్టించు. నా మానం కాపాడు."

పది నిమిషాల్లో నేను పుట్టించిందే ఆ రెండో సగం. తీర్పు నాది, వంటవాడు నా వాడు. వంటవాడిగా పరుగెత్తుకొచ్చినవాడు అప్పుడే ఆట చూడ్డానికి వచ్చాడు, సైకిలు దిగుతుండగా వాడికి మాట నేర్పాను. చెవి ట్యాగు మాత్రం మామ సొంతం. మిగిలినదంతా, కుర్చీ, కుండ, కానిస్టేబుల్, ఐసు పెట్టె, పైన చెప్పినంతా నిజం.

అబద్ధపు ఒట్టు వేశాను గనక పరోటా మానేయాలి కదా. ఆ బాధ పంచుకుందామని మొన్న మామ దగ్గరికి పోయాను. ఆయన అరుగు మీద నలుగురిని కూర్చోబెట్టుకుని, వాళ్ళ నాయన రెండో సగం ఎలా ఆడి చూపించేవాడో చెబుతున్నాడు. వాళ్ళు లేచిపోయాక చెవిలో అన్నాను: "మామా, ఆ వంటవాడు నా వాడు కదా?"

"నీ వాడేందిరా?" అన్నాడు మామ, కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక. "మా నాయన చెప్పిందే గదా. నువ్వు మీసం అతికిస్తా ఉంటే నాకు గబుక్కున గుర్తొచ్చినాది."

నేను ఆయన మొహంలోకి చాలాసేపు చూశాను. అబద్ధాలాడేవాణ్ణి గనక, అబద్ధం కనబడితే గుర్తుపడతాను. అక్కడ లేదు. అంటే నా ఒట్టు అబద్ధం కాదేమో.

సాయంత్రం బస్సెక్కి విరుదునగర్ పోయి, ఒక పరోటాకి చెప్పాను. నోటికి అందింది.